రాత పడని పదకొండు రోజులు

ట్రోమ్సోలో సూర్యుడు సెలవు పెట్టిన మూడో రోజు
నిన్ను హెలికాప్టర్‌లోంచి దించారు, ఓడ్వార్.
గడ్డంలో ఇంకా చేప పొలుసులున్నాయి.
ఊపిరితిత్తుల నిండా చీము,
రక్తపోటు నేలచూపులు చూస్తోంది.
నీ బదులు ఊపిరి తీసే యంత్రానికి నిన్ను అప్పగించి
నిద్రమందు ఎక్కించాక
మీ అక్క గుడ్రూన్ వచ్చి సంతకం పెట్టింది.

చిన్న పరిశోధన అది.
కొత్త మందేం కాదు, ఒక నోటుపుస్తకం, అంతే.
స్పృహ లేని మనిషి పక్కన కూచుని
నర్సులం రోజూ నాలుగు ముక్కలు రాయాలి.
ఇవాళ నీకు జ్వరం తగ్గింది. ఇవాళ మంచు కురిసింది.
లేచాక చదువుకుంటే
పీడకలలు తగ్గుతాయో లేదో
ఆరు ఆసుపత్రులు కలిసి లెక్క తీస్తున్నాయి.
సగం మందికి పుస్తకం, సగం మందికి లేదు.
ఎవరికి ఏదన్నది నేను తేల్చను, డాక్టరూ తేల్చడు.
నుదుటి రాత అంటారే,
ఇక్కడ దాన్ని కంప్యూటర్ రాస్తుంది.
బొత్తాం నొక్కాను.
రెండో గుంపు, అంది.
నీకు రాత లేదు.

పక్క మంచం బడి టీచరమ్మకి మాత్రం
పుస్తకం నిండిపోతోంది.
మనవడొచ్చి అందులో ఎలుగుబంటి బొమ్మ వేశాడు.
అక్కడ పెన్ను మూసి నీ వైపు తిరిగితే
చేతుల నిండా పనే,
వేళ్ళకే ఏమీ తోచేది కాదు.

అయినా కళ్ళు ఊరుకుంటాయా.
మొదటి రాత్రి నీ గడ్డం గీసింది నేను.
గొట్టం కదలకుండా మూతికి అతికించిన పట్టీని
నా ఎర్రపిడి కత్తెరతో రోజూ కత్తిరించి మార్చింది నేను.
మూడో రోజు నిన్ను బోర్లా తిప్పడానికి ఆరుగురం పట్టాం.
ఐదో రోజు అక్క అల్లిన మేజోళ్ళు తొడిగాం,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
ఎనిమిదో రాత్రి నీ కుడికాలు
నీళ్ళని తన్నినట్టు తన్నింది.
చార్టులో రాసినవన్నీ అంకెలే.

మార్చిలో, ఎండ మంచు మీద పడి కళ్ళు చెదిరే పూట
నువ్వొచ్చావు, ఎవరి చొక్కానో అడిగి తొడుక్కున్నట్టు.
ఇరవై ప్రశ్నలు, సున్నా నుంచి నాలుగు దాకా.
అనుకోకుండా గుర్తొస్తుందా?
నాలుగు.
కలలోకి వస్తుందా?
నాలుగు, అని ఆగి,
ఐదు లేదా, అన్నావు.

పదహారో ప్రశ్న దగ్గర కాగితం మీద చెయ్యి పెట్టేశావు.
"ఓడ అడుగున, చేపల గదిలో కట్టేశారు.
ఆరుగురు నన్ను వలలో దొర్లించేవాళ్ళు.
ఒక ఆడమనిషి ఎర్ర కత్తెరతో
నా మూతి దగ్గరికి వచ్చేది, మొప్పలు కొయ్యడానికి.
అక్కతో చెబితే ఏడుస్తుంది.
ఇంట్లో కత్తెరలన్నీ పడవ షెడ్డులో దాచాను.
అసలేం జరిగింది?"

నియమాలు నాకు కంఠతా వచ్చు.
రెండో గుంపుకి ఆరునెలల దాకా ఏమీ చెప్పకూడదు.
చెబితే లెక్క చెడుతుంది.
చెడితే, రేపొచ్చే వెయ్యిమందికి ఏది మంచిదో తెలీదు.
ఆ వెయ్యిమందినీ నేను నమ్ముతాను, మాటవరసకి కాదు.
కానీ వాళ్ళింకా జబ్బు పడలేదు.
నీ చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది.

జేబులోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టాను.
కుర్చీతో సహా వెనక్కి జరిగావు.
చాలాసేపు చూశావు.
"ఇంత చిన్నదా."
అప్పుడు చెప్పాను, ఒక్కో రోజూ.
మేజోళ్ళ దగ్గర నవ్వావు.
కాలు తన్నిన రాత్రి దగ్గర నవ్వలేదు.

నువ్వెళ్ళాక నియమోల్లంఘన ఫారం తీశాను.
చేసినవారు: తూరున్ హెగ్‌స్టాడ్, నర్సు.
కారణం అన్నచోట ఏడు గీతలు ఖాళీగా ఉన్నాయి.
"అడిగాడు" అని రాశాను.

పై ఏడాది ఫలితం వచ్చింది.
రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.
అడుగున చిన్న అక్షరాల్లో,
ఒకరిని లెక్కలోంచి తీసేశాం.
నేను నోరు మూసుకుని ఉంటే ఏం తేలేదో
ఇక ఎవరికీ తెలీదు.

టీచరమ్మ బజారులో కనిపించింది.
పుస్తకం ఇంతవరకూ తెరవలేదట.
బీరువాలో, దుప్పట్ల కింద ఉందట.
ఎలుగుబంటి ఏ పేజీలో ఉందో చెప్పమంది,
ముందు అది చూస్తుందట.